రాయిలో తరుగు

నన్ను దొంగ అన్నది ప్రణీత్ సారు. దొంగను చేసింది మాత్రం మా బాపు.

ముందు నా పని సంగతి చెప్పాలి. లేకపోతే నా కోపం మీకు ఒట్టి నోటిదురుసులా కనబడుతుంది. మూసీ అవతల ఖనిజాల మీద పరిశోధన చేసే ఒక సర్కారు ప్రయోగశాలలో నేను రాళ్ళకు మెరుగు పెడతాను. ఆరేళ్ళుగా కాంట్రాక్టు ఉద్యోగం. రాయిని కోసి, గరుకు పొడితో రుద్ది, సన్నపొడితో రుద్ది, చివరికి వజ్రపు పొడి కలిపిన పేస్టు రాసిన గుడ్డ మీద తిప్పితిప్పి అద్దంలా చేస్తాను. ఆ అద్దం మీద సైంటిస్టులు వెలుతురు వేసి, ఎంత తిరిగొచ్చింది, ఏ రంగు ఎక్కువొచ్చింది అని కొలుస్తారు. పేపర్లు రాస్తారు. వాటిలో నా పేరు ఉండదు. రాయి మీద ఒక్క గీత పడితే మాత్రం అందరికీ నా పేరు ఠక్కున గుర్తొస్తుంది.

ఈసారి వచ్చిన రాయి పేరు కాలావెరైట్. బంగారమూ, టెల్లూరియం అనే ఇంకో మూలకమూ కలిసి పుట్టిన ఖనిజం. చింతగింజ కంటే కాస్త పెద్ద ముక్క. ప్రణీత్ సారు ప్రాజెక్టు అంతా దాని పైముఖం మీదే. వెలుతురు పడితే ఆ ముఖం ఎలా మెరుస్తుంది, దాని మీది ఎలక్ట్రాన్లు ఎంత తేలిగ్గా ఊడివస్తాయి అనేది ఆయన లెక్క. "లోపల ఏముందో నాకెందుకు, ముఖం చాలు నాకు" అనేవాడు. మనుషుల విషయంలోనూ ఆయనది అదే పద్ధతి అని నాకు తర్వాత తెలిసింది.

ఇంట్లో ఈ రాయి సంగతి చెబితే మా బాపు నమ్మలేదు. మా బాపు రామ్‌చందర్‌కు శాలిబండలో ముప్పై అయిదేళ్ళుగా ఒకటే పని. కంసాలి కార్ఖానాల్లో నేల ఊడ్చిన మట్టి కొంటాడు. కంసాలులు చేతులు కడుక్కున్న తొట్టి అడుగున మిగిలే బురద కూడా కొంటాడు. కాల్చి, కడిగి, కరిగించి అందులోని బంగారం తీస్తాడు. బస్తా మట్టికి మిరియపు గింజంత దొరికితే ఆ రోజు మా ఇంట్లో పండగ. నాకు సోనీ అని పేరు పెట్టింది కూడా ఆయనే. మట్టిలో దొరకకపోయినా ఇంట్లో అయినా బంగారం ఉంటుందని.

"బంగారముంటె గీటు పెడితె తెల్వదా బిడ్డా?" అన్నాడు గీటురాయి చేతిలోకి తీసుకుని.

"గీటు బూడిద రంగులొస్తది బాపు. అండ్ల బంగారం ఒంటిగ లేదు, టెల్లూరియంతోని కల్సిపోయింది. చూస్తె తెల్లగ ఎండి లెక్కనే ఉంటది, జరంత నెయ్యి రంగు కొడ్తది."

"కడుపుల బంగారం వెట్టుకొని మొఖానికి ఎండి పూస్కున్నదా?" బాపు నవ్వాడు. "గట్లాంటోళ్ళను నేను చూడలే. ఉల్టా ఉన్నోళ్ళను మస్తుమందిని చూసిన."

రాయికి మెరుగు పెట్టడం నాలుగు రోజులు పట్టింది. మెత్తటి రాయి, చేయి కాస్త బరువెక్కితే గీతలు పడతాయి. శుక్రవారం మధ్యాహ్నానికి అయిపోయింది. ఆ ముఖంలో నా కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. తూచాను, సరిగ్గా ఎనిమిది గ్రాములు. పుస్తకంలో రాసుకున్నాను.

ప్రణీత్ సారు అయ్యప్ప మాలలో ఉన్నాడు. నల్లబట్టలు, నుదుట గంధం, కాళ్ళకు చెప్పుల్లేవు. ప్రయోగశాలలో చెప్పుల్లేకుండా తిరగకూడదని గోడ మీద బోర్డు ఉంది. స్వామికి ఎవరు చెబుతారు? మాలలో ఉన్నవాళ్ళు మగవాళ్ళను స్వామీ అనీ, ఆడవాళ్ళను మాతా అనీ పిలుస్తారు కదా. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను పేరు పెట్టి పిలవని మనిషి, 'ఏయ్ పాలిషింగ్' అని పిలిచే మనిషి, ఆ నెలలో మాత్రం మాతా అనేవాడు.

"మీ ముందు మళ్ళొకసారి తూచి ఇస్తాను సార్. సంతకం పెట్టండి" అన్నాను.

"మన మధ్య తూకాలెందుకు మాతా? టైమ్ లేదు. సంతకం సోమవారం పెడతాను" అని డబ్బా లాక్కున్నట్టే తీసుకున్నాడు.

ఇచ్చాను. అక్కడ తప్పు నాదే. రామ్‌చందర్ కూతురినై ఉండి, తూచకుండా సరుకు చేయి దాటించాను.

సోమవారం పొద్దున్నే మా విభాగం పెద్ద కృష్ణయ్య సారు గదికి పిలిపించారు. బల్ల మీద డబ్బా మూత పెట్టి ఉంది. పక్కన ప్రణీత్ సారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రాయి ఆరున్నర గ్రాములే ఉందటమ్మా" అన్నాడు కృష్ణయ్య సారు. "ముఖమంతా ఖరాబైందట. రిజిస్టర్ల చివరి పేరు నీదే."

"శుక్రవారం నేను ఎనిమిది గ్రాములు ఇచ్చిన సార్. ఈ సారే తీసుకున్నరు."

"నేను తీసుకుంటే నా సంతకం ఉండాలి కదా మాతా" అన్నాడు ప్రణీత్. తర్వాత కృష్ణయ్య సారు వైపు తిరిగి, గొంతు తగ్గించి, నాకు వినబడేంత తగ్గించి, "వాళ్ళ ఫాదర్‌ది గోల్డ్ పని సార్. పాతబస్తీలో" అన్నాడు.

ఆ చివరి మాట విడిగా అన్నాడు. పాతబస్తీలో. ఇంక సాక్ష్యం ఎందుకు అన్నట్టు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఇంటి నేల మీద ఎంత బంగారం పడి ఉంటుందో, మా అమ్మ చెవులకు ఎన్నేళ్ళుగా గిల్టు కమ్మలే ఉన్నాయో చెబుదామని నోరు తెరిచాను. అరిచాననుకుంటా. "లొల్లి పెట్టకు" అన్నాడు కృష్ణయ్య సారు, ఒక టైపు కాగితం తీస్తూ.

ఆఫీసు వాళ్ళు ఎప్పటి నుంచో వాడుతున్న నమూనా అది. '............ అను నేను, నా అజాగ్రత్త వలన పరిశోధన నమూనాకు నష్టం కలిగించితినని అంగీకరించుచున్నాను.' పేరుకి ఖాళీ వదిలారు.

"బుధవారం లోపల పేరు రాసి సంతకం చెయ్. పోలీసుల దాకా పోకుండ నేను చూస్త. కాంట్రాక్టు మటుకు నెలాఖరుకు అయిపోతది" అన్నాడు.

సంతకం పెడితే దొంగనని నేనే ఒప్పుకున్నట్టు. పెట్టకపోతే పోలీసులు దొంగని చేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ప్రణీత్ సారు వంగి ఆ కాగితం నా ముందుకు జరిపినప్పుడు ఆయన నోట్లోంచి వెల్లుల్లి వాసన గుప్పుమంది. మాల మెళ్ళో వేసుకుని ఏ బిర్యానీ లాగించి వచ్చాడో అనుకున్నాను. నన్ను దొంగ అనే మనిషికి దీక్ష కూడా లేదు కదా అని ఇంకాస్త మండింది.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాను. "గట్లెట్లంటడే వాడు! వాని నోట్ల మన్ను వడ!" అని మా అమ్మ రుక్మాబాయి చేతిలోని చేట కింద పడేసింది. బాపు మాత్రం ఒక్కటే అడిగాడు.

"ఎంత తక్కువొచ్చింది?"

"గ్రామున్నర."

లేచి పని గదిలోకి వెళ్ళాడు. మనసు కష్టపెట్టుకున్నాడు కాబోలు అనుకున్నాను.

మర్నాడు నేను ఆఫీసుకు చేరేసరికే బాపు వచ్చి వెళ్ళిపోయాడు. పొద్దున్నే అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కి, రెండు బస్సులు మారి, ఎప్పుడూ చూడని ఆ ఆఫీసు వెతుక్కుంటూ వచ్చాడట. కృష్ణయ్య సారు బల్ల మీద గులాబీ రంగు పలచటి కాగితం పొట్లం ఉంది. అది ఎవరి మడతో నాకు చూడగానే తెలిసింది.

"మీ నాయన తెచ్చి ఇచ్చిండు. గ్రామున్నర బంగారం, కాంట పెట్టినట్టు" అన్నాడు కృష్ణయ్య సారు. "ఇంక చెప్పేదేముందమ్మా?"

ప్రణీత్ సారు ముఖం వెలిగింది. ఏలకులు నములుతూ "పెద్దాయన నిజాయితీపరుడు సార్" అన్నాడు కూడా. ఆ మాట నా చెంప మీద కొట్టినట్టు తగిలింది.

ఆ సాయంత్రం ఇంట్లో నేను చేసిన రభసకి పక్కింటివాళ్ళు కూడా బయటికి వచ్చారు.

"ఎందుకు ఇచ్చినవ్ బాపు? ఎవలడిగిండ్రు నిన్ను? నేను తీసిన్నని ఒప్పుకున్నట్టయింది గద!"

"ఒప్పుకునుడేంది?" బాపు నిజంగానే తెల్లబోయాడు. "తరుగొచ్చింది, నింపిన. చేతులకెంచి పోయిన సరుకు తక్కువొస్తె నింపాలె. దొంగతనం జేసినోడు ఎక్కడన్న నింపుతడా? నింపినోన్ని దొంగ అన్న కార్ఖానా నేనింతవరకు చూడలే."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. గుల్జార్ హౌజ్ చుట్టుపక్కల ఏ కార్ఖానాలోనైనా అదే రివాజు. బంగారం తూచి ఇస్తారు, నగ తూచి తీసుకుంటారు. ఉండాల్సిన తరుగు కంటే ఎక్కువ పోతే, ఎవరి చేతుల్లోంచి వచ్చిందో వాళ్ళు తమది తెచ్చి నింపుతారు. నింపాక ఇంక మాట ఉండదు. వేలెత్తి చూపేవాడే అక్కడ వెధవ అవుతాడు. మా బాపు తన కూతురి మర్యాద కాపాడడానికి తనకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాడు. మూసీ దాటేసరికి అదే నా మెడకు ఉరి అయింది.

ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను గానీ అప్పుడు ఇంత శాంతంగా లేను. కంచం తోసేశాను. "నీ తరుగు నా కొంపముంచింది" అన్నాను. కన్నతండ్రిని అనకూడని మాటే అది. ఇప్పటికీ గొంతులో ఇరుక్కుని ఉంది.

బాపు నేల వైపు చూశాడు. తర్వాత తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

"నువ్వు తియ్యలే. నాకెర్కనే. మరి ఏం పోయింది అండ్లకెంచి? బంగారం యాడికి పోదు బిడ్డా. బస్తాడు మట్టి కాల్చినా, కడిగినా అది ఆడ్నే ఉంటది. పొగలెక్క పోయేటివి వేరే."

ఆరేళ్ళు రాళ్ళు రుద్దిన నేను, ఇంజనీరింగ్ డిప్లొమా ఉన్న నేను, తక్కువైంది బంగారమేనని వాళ్ళతోపాటు నమ్మేశాను. రాయిలో సగానికి పైగా టెల్లూరియమే. గట్టిగా వేడి తగిలితే పొగై లేచిపోయేది అదే.

బుధవారం అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళాను. నమూనాల బీరువా తలుపు లోపలి వైపు ప్రతి ఖనిజానికీ జాగ్రత్తల కాగితం అంటించి ఉంటుంది. కొత్తలో ఒకసారి చదివించారు, తర్వాత ఎవరూ చూడరు. టెల్లూరియం కాగితం దుమ్ము తుడిచి చదివాను. వేడి చేసినప్పుడు వచ్చే పొగ పీల్చరాదు. కొద్దిగా పీల్చినా ఊపిరి వెల్లుల్లి వాసన వేయును. ఈ వాసన రోజుల తరబడి పోదు.

రెండుసార్లు చదివాను. తర్వాత పక్క గదిలోని చిన్న కొలిమి దగ్గరికి వెళ్ళాను. పొగ లాగే ఫ్యాను ఆర్నెల్లుగా పనిచెయ్యడం లేదు. కొలిమి మూత అంచున తెల్లటి మసి సన్నగా పేరుకుని ఉంది. ఫోనులో ఫొటో తీసుకున్నాను. తిరిగొచ్చి బీరువా తలుపు మీది జాగ్రత్తల కాగితం గోళ్ళతో గీకి ఊడబీకాను.

పదిన్నరకు కృష్ణయ్య సారు గదిలో ఇద్దరూ ఉన్నారు. "సంతకం చేసినవా అమ్మా?" అన్నాడాయన.

"చేస్త సార్. ఒక్కసారి ఆ రాయిని మైక్రోస్కోపు కింద పెట్టి చూడుండ్రి. మూడ్రోజుల నుంచి మూత తియ్యకుంటనే మాట్లాడుతున్నం."

విసుక్కుంటూనే పెట్టాడు. ముప్పై ఏళ్ళు ఖనిజాలు చూసిన కళ్ళు ఆయనవి. చూశాడు, తల ఎత్తాడు, మళ్ళీ చూశాడు. నేను అద్దంలా చేసిన ముఖం మీద పసుప్పచ్చ పొక్కులు లేచి ఉన్నాయి. అచ్చం బంగారం పొక్కులు.

"ఇది కాలిన రాయి కదా ప్రణీత్?" అన్నాడు నెమ్మదిగా.

"లేదు సార్. ఆమె దగ్గర అంటుకున్న బంగారం అది. వాళ్ళింట్లో ఉండేదే" అన్నాడు ప్రణీత్, తడుముకోకుండా. అబద్ధం అంత సాఫీగా ఆడడం కూడా ఒక పాలిషింగే.

నేను ఆయన వైపు తిరిగాను. నా గొంతు నాకే వింతగా, మెల్లగా వినబడింది.

"స్వామీ, ఎల్లిగడ్డ తిన్నరా?"

"ఏంటి?"

"సోమవారం నుంచి మీ నోట్లకెంచి ఎల్లిగడ్డ వాసన. ఆఫీసంత నవ్వుతున్నరు, స్వామి దీక్ష తప్పిండని."

ఆయన ముఖం కందగడ్డ అయింది. చేయి మాల మీదికి వెళ్ళింది. "నేను దీక్ష తప్పానా? ఇరవై ఆరు రోజులైంది, ఉల్లి కూడా ముట్టలేదు. వంట నేనే చేసుకుంటున్నాను. స్వామి మీద ప్రమాణం!"

"మరి వాసన యాడికెల్లి వచ్చింది?"

"నాకేం తెలుసు? శనివారం నుంచి ఇదే నరకం. రోజుకు నాలుగుసార్లు పళ్ళు తోముతున్నాను. గుళ్ళో పక్కన నిలబడినవాళ్ళు జరిగిపోతున్నారు..." కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

ఆ ఒక్క విషయంలో ఆయన అబద్ధం చెప్పలేదు. నేను జాగ్రత్తల కాగితం కృష్ణయ్య సారు ముందు పెట్టాను. ఆయన పైకి చదివాడు. వెల్లుల్లి అన్న మాట దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి, ప్రణీత్ వైపు చూశాడు. నేను ఫోనులో కొలిమి ఫొటో చూపించాను. ఇంక ప్రణీత్ సారుకి రెండే దారులు. వెల్లుల్లి తిన్నానని దీక్ష పోగొట్టుకోవాలి. లేదా రాయి కాల్చానని ఒప్పుకోవాలి.

మాల వదల్లేకపోయాడు. కూర్చుని, తల వంచుకుని చెప్పాడు. ఎలక్ట్రాన్లు కొలిచే చాంబర్ దొరకడానికి రెండు వారాలు ఆగాలట. ఈలోపు, మెరుగు పెట్టేటప్పుడు నేను రాయిని అంటించిన మైనం, ముఖం మీది మురికి పోవాలని శుక్రవారం సాయంత్రం చిన్న కొలిమిలో పెట్టాడట. కాసేపు అనుకున్నది మరిచిపోయి, సాయంత్రం పూజకి వెళ్ళి వచ్చేసరికి గదంతా పొగట. అంతా చెప్పాడు. నన్ను దొంగ అని ఎందుకు అన్నాడో మాత్రం చెప్పలేదు.

కృష్ణయ్య సారు పొట్లం నా వైపు జరిపాడు. "సరే, అయిందేదో అయింది. ఇది తీసుకపో. అపార్థమైందని మీ నాయనకు చెప్పు."

అపార్థమట! మూడు రోజులు నా అన్నం విషం అయింది. మా బాపు ఎన్ని నెలలు మట్టి కడిగి కూడబెట్టుకున్నాడో ఆ గ్రామున్నర. నేను పొట్లం ముట్టుకోలేదు.

"పెట్టింది మా బాపు సార్. రెండు బస్సులెక్కి వచ్చి మీ చేతుల పెట్టిండు. అట్లనే మీరు గూడ వచ్చి ఆయన చేతుల పెట్టాలె. శాలిబండల ఎవలనడిగినా ఇల్లు చూపిస్తరు. లేకపోతె నేను ఈ ఫొటో, ఈ కాగితం పట్టుకొని మీ పైవాళ్ళ దగ్గరికి పోత."

సాయంత్రం ఇద్దరూ వచ్చారు. కారు మా గల్లీలో పట్టక మూలమీద ఆపి, నడిచి వచ్చారు. చుట్టుపక్కల అందరూ గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

గుమ్మంలో నల్లబట్టలు కనబడగానే బాపు గబుక్కున లేచాడు. "స్వామి శరణం" అని వంగి ప్రణీత్ సారు కాళ్ళకు మొక్కాడు. అరవై రెండేళ్ళ మనిషి. నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. లేపబోయాను. బాపు నా చేయి నెట్టేశాడు. "నేను మాలకు మొక్కుతున్న బిడ్డా, మనిషికి గాదు" అన్నాడు మెల్లగా. ప్రణీత్ సారు రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాడు. "మాలేసుకొని గీ వాసనేందే?" అని అమ్మ నా చెవిలో గొణిగింది.

ప్రణీత్ పొట్లం తీసి ఇచ్చాడు. బాపు విప్పి, చిన్న కాంటలో పెట్టాడు.

"అందులోంచి ఏమీ తియ్యలేదండీ" అన్నాడు ప్రణీత్, నొచ్చుకున్నట్టు.

"అనుమానం గాదు స్వామీ, పద్ధతి. ఇచ్చేటప్పుడు తూచిన, తీసుకునేటప్పుడు తూస్త." ముల్లు నిలిచేదాకా చూశాడు. "సరిపోయింది."

"క్షమించండి" అన్నాడు ప్రణీత్, బాపుతో. నాతో కాదు.

"నాకెందుకు స్వామీ? నా సరుకు నాకొచ్చింది. పోయింది మా బిడ్డ పేరు. గది తెచ్చిండ్రా?"

నేను సంచిలోంచి టైపు కాగితం తీసి, పని బల్ల మీద పరిచాను. ఖాళీ ఇంకా ఖాళీగానే ఉంది.

"రాసింది మీ ఆఫీసే సార్. నేనొక్క అక్షరం ముట్టుకోలే. పేరొక్కటే కావాలె."

ప్రణీత్, కృష్ణయ్య సారు వైపు చూశాడు. ఆయన గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. ప్రణీత్ మా బాపు పీట మీద కూర్చుని ఖాళీలో పేరు రాశాడు, కింద సంతకం పెట్టాడు. బాపు కాగితం అందుకుని నాకిచ్చాడు.

"చూస్కో బిడ్డా. సరిపోయిందా?"

చదివాను. 'నా అజాగ్రత్త వలన పరిశోధన నమూనాకు నష్టం కలిగించితినని.' మళ్ళీ చదివాను.

"లేదు బాపు, తరుగున్నది. రాయి కాల్చింది అజాగ్రత్త. నన్ను దొంగ అన్నది అజాగ్రత్త గాదు, తెలిసే అన్నడు. అది ఇండ్ల లేదు."

బాపు కాగితం మళ్ళీ ప్రణీత్ సారు ముందు పెట్టాడు. "నింపు స్వామీ" అన్నాడు.

ప్రణీత్ సారు మూత పెట్టిన కలాన్ని మళ్ళీ తెరిచాడు.